పురుగు కనబడగానే "ఏం కొట్టాలి?"

మా మిద్దెతోటల వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒకావిడ కరివేపాకు మొక్క ఫొటో పెట్టారు. ఆకు మీద అచ్చం పిట్టరెట్టలా కనిపిస్తున్న పురుగు. కింద ఒకటే ప్రశ్న: "ఏం కొట్టాలి?" అరగంట తిరక్కుండా జవాబులు వచ్చిపడ్డాయి. వేపనూనె అని ఒకరు, పుల్లమజ్జిగలో ఇంగువ అని ఒకరు, పచ్చిమిర్చి వెల్లుల్లి నూరి వడకట్టమని ఇంకొకరు. మరొకాయన పది రకాల ఆకుల్ని గోమూత్రంలో నెల పైచిలుకు మురగబెట్టే దశపర్ణి కషాయం తయారీ మొత్తం ఫార్వర్డ్ చేశారు. "అన్ని పురుగులూ మాయం" అని దాని చివర బొమ్మలతో సహా ఉంది.

ఆ పురుగు ఏమిటని ఒక్కరూ అడగలేదు. అది సీతాకోకచిలుక పిల్ల. కరివేపాకు, నిమ్మ, మారేడు ఒకే కుటుంబం కాబట్టి ఆ మూడింటి మీదా గుడ్లు పెట్టే రకాలున్నాయి. చిన్నప్పుడు పిట్టరెట్టలా ఉండి పక్షుల్ని మోసం చేస్తుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది, నాలుగు రెమ్మలు తిని గూడు కట్టుకుని ఎగిరిపోతుంది. మొక్క మరీ చిన్నదైతే పుల్లతో తీసి పక్కన పడేస్తే చాలు. దానికి నెల రోజుల కషాయం దేనికి?

నా ఫిర్యాదు ఆవిడ మీద కాదు. మొక్కలు పెంచేవాళ్లందరికీ వచ్చే భయమే అది. నేను చెప్పదలచుకున్నది వేరు. రసాయన మందులు మానేశాం అని గర్వంగా చెప్పుకునే మనలో చాలామందిమి డబ్బా మార్చాం గానీ చెయ్యి మార్చలేదు. పురుగు కనబడితే స్ప్రేయర్ పట్టుకోవడం అనే అలవాటు అలాగే ఉంది. సేంద్రియ పద్ధతి అంటే ఎక్కువ భాగం ఏమీ కొట్టకుండా చూస్తూ ఉండటమే అని నా అభిప్రాయం. ఇది చెప్పినంత తేలిక కాదు. నాకే దీని మీద అనుమానాలున్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

ఆకుల్లోంచి వచ్చినా మందు మందే

అగ్నాస్త్రం అంటే తెలుసు కదా. గోమూత్రంలో వేపాకు, పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసి మరిగించేది. అందులో అసలు పని చేసేది పొగాకులోని నికోటిన్. అది పురుగు నరాల మీద పని చేసే విషం. మనుషుల మీదా అంతే. నికోటిన్ సల్ఫేట్‌ని పురుగుమందుగా మన దేశంలో వాడకూడదని నిషేధం ఉంది. అదే పదార్థం మన వంటింట్లో మరిగితే "ప్రకృతి సిద్ధం" అయిపోతుంది, చంటిపిల్లలు తిరిగే మిద్దె మీద చేతులకి తొడుగుల్లేకుండా కొట్టేస్తాం.

పొగాకు కషాయానికి ఇది రసం పీల్చే పేనుబంక, ఇది దాన్ని తినే అక్షింతల పురుగు అని తేడా తెలియదు. చిక్కుడు తీగ మీద పేనుబంక తినడానికి వచ్చిన అక్షింతల పురుగూ, పూత మీద వాలిన తేనెటీగా దానికి ఒకటే. సర్ఫు నీళ్లు పాపం నరాల జోలికి వెళ్లవు గానీ, తడిసిన మెత్తటి పురుగునల్లా చంపుతాయి, ఎండలో కొడితే ఆకునీ మాడుస్తాయి.

పిండినల్లి సంగతి ఇంకా విచిత్రం. మందార కొమ్మ మీద తెల్లటి దూదిలా పట్టిన పిండినల్లి మధ్యలో, దానికంటే కాస్త పెద్దగా, పొడవాటి మైనపు పోగులతో చకచకా తిరిగే తెల్ల పురుగు కొన్నిసార్లు కనిపిస్తుంది. "ఇదేదో ముదిరిన పిండినల్లి" అని మా పక్కింటి ఆంటీ దాన్నే ముందు చంపేవారు. అది క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లిని తినడమే దాని పని. దాని జాతిని ఆస్ట్రేలియా నుంచి 1898లోనే మన దేశానికి తీసుకొచ్చారు. శత్రువు వేషంలో తిరిగే మిత్రుణ్ణి గుర్తుపట్టాలంటే దగ్గరగా వంగి చూడాలి. స్ప్రేయర్ చేతిలో ఉన్నప్పుడు ఎవరం వంగి చూడం.

ఆంటీకి ఫోన్‌లో పెద్దదిగా చేసి చూపించాను. "అయ్యో, ఇన్నాళ్లూ కాపలావాణ్ణే కొట్టానా?" అన్నారు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే భూతద్దం పట్టుకుని మందార చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. వాళ్లాయనకి ఇది నచ్చలేదు, కాఫీ ఆలస్యమవుతోందట.

వేప పని చేయడం లేదనే వాళ్లకి

వేప మీద నాకు గౌరవం ఉంది. దాన్ని మనం అర్థం చేసుకున్న తీరు మీదే పేచీ. 1962లో ఢిల్లీ మీదికి మిడతల దండు వచ్చినప్పుడు భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్ అనే శాస్త్రవేత్త బృందం పైరు మీద వేపగింజల పప్పు ద్రావణం కొట్టి చూసింది. మిడతలు వాలాయి, చావలేదు, తినకుండా వెళ్లిపోయాయి. వేప అసలు బలం అక్కడుంది. అందులోని అజాడిరక్టిన్ పురుగుకి తిండి మీద విరక్తి పుట్టిస్తుంది, కుబుసం విడవనివ్వదు, గుడ్లు పెట్టనివ్వదు. ఎండ తగిలితే రెండు మూడు రోజుల్లో విరిగిపోతుంది.

మనమేమో సాయంత్రం కొట్టి పొద్దున్నే పురుగుల శవాలు లెక్కపెడదామని వెళ్తాం. శవాలుండవు. "వేప పని చేయలేదు" అని మోతాదు రెట్టింపు చేస్తాం, లేదా దుకాణానికి వెళ్లి "బయో" అని రాసిన సీసా తెచ్చుకుంటాం. అలాంటి సీసాల్లో రిజిస్ట్రేషన్ లేనివీ, లోపల మామూలు రసాయనమే కలిపినవీ తిరుగుతున్నాయని మిర్చి రైతులకి బాగా తెలుసు. కొట్టిన గంటకే పురుగులన్నీ రాలిపోయే "బయో" మందుని నేనైతే నమ్మను.

వేప కొట్టాల్సి వస్తే నేను చేసేది ఇది: యాభై గ్రాముల వేపగింజల పప్పు నలగ్గొట్టి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి, కాస్త కుంకుడు రసం కలిపి, పొద్దువాలాక, ఆకు అడుగున. రైతులు చెప్పే ఐదు శాతం కషాయం ఇదే. పురుగు చిన్నగా ఉన్నప్పుడు పని చేస్తుంది. వేలంత లావైన లద్దెపురుగు మీద కొడితే అది స్నానం చేసినట్టే. దాన్ని చేత్తో ఏరాల్సిందే.

అన్నట్టు, 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లే కొమ్మల చివర్ల నుంచి ఎండిపోయాయి. ఒక శిలీంధ్రం, దానికి తోడు రసం పీల్చే పురుగు. సర్వరోగ నివారిణికే పురుగు పట్టిందని అప్పట్లో జోకులు. చాలా చెట్లు మళ్లీ చిగుళ్లు వేశాయి, అదీ చూశాం.

పునుకుల నుంచి మనం తీసుకున్నదీ వదిలేసినదీ

పురుగుమందులు లేని వ్యవసాయం అనగానే మనవాళ్లు పునుకుల పేరు చెబుతారు. పాల్వంచ దగ్గరి ఊరు, అప్పటి ఖమ్మం జిల్లా. 1999లో మొదలుపెట్టి నాలుగైదేళ్లలో ఊరు ఊరంతా పురుగుమందులు మానేసింది. ఆ కథ చెప్పేటప్పుడు అందరూ వేపకషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం దగ్గరే ఆగుతారు. ఎందుకంటే అది సీసాలో పట్టే భాగం.

మిగతాది సీసాలో పట్టదు. వేసవి దుక్కులు దున్ని నేలలోని పురుగు కోశాల్ని ఎండకి మాడ్చడం, పత్తి చుట్టూ ఆముదం వేసి లద్దెపురుగు గుడ్ల సముదాయాల్ని ఆ ఆకు మీదే ఏరెయ్యడం, బంతి వేసి శనగపచ్చ పురుగుని అటు మళ్లించడం, ఆడపురుగు వాసనతో మగపురుగుల్ని పట్టే లింగాకర్షక బుట్టలు, పసుపు రంగు జిగురు పళ్లాలు, పిట్టలు వాలడానికి పంగలకర్రలు. అంతకు ముందు తెలంగాణ మెట్టచేలలో ఎర్ర గొంగళి పురుగు మీద చేసిన పోరాటం అయితే కషాయాలతో సంబంధమే లేనిది. తొలకరి వానకి నేలలోంచి రెక్కల పురుగులు లేస్తాయి. ఆ రాత్రుల్లో ఊరంతా కలిసి చేల గట్ల మీద మంటలు వేస్తే వాటిలో పడి చస్తాయి. మిగిలిన గొంగళ్లు ఒక చేను నుంచి ఇంకో చేనుకి దండుగా నడిచే దారిలో కందకం తీసి, అందులో జిల్లేడు మండలు వేసేవారు. ఒక్క రైతు మంట వేస్తే ప్రయోజనం లేదు, అందరూ ఒకే రాత్రుల్లో వేయాలి.

కొట్టడం ఆపడమే ఒక చికిత్స అనే మాట చాలామందికి మింగుడుపడదు. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో సింథటిక్ పైరిత్రాయిడ్లనే పురుగుమందుల వాడకం పెరిగాక రసం పీల్చే తెల్లదోమ విరుచుకుపడింది. దాన్ని తినే జీవులు మందుకి పోయాయి, అది మిగిలింది. వరిలో సుడిదోమ కథా అదే. 1986లో ఇండోనేసియా అధ్యక్షుడు సుహార్తో ఒక్క ఉత్తర్వుతో వరి మీద 57 రకాల మందుల్ని నిషేధించాడు. పురుగు పెరగడానికి మందే కారణమని అక్కడి శాస్త్రవేత్తలు ఒప్పించగలిగారు.

బొప్పాయి పిండినల్లి మన కళ్ల ముందు జరిగింది. 2008లో కోయంబత్తూరు దగ్గర కనిపించి, బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం, మందార దేన్నీ వదల్లేదు. ఒంటి మీద మైనపు పూత ఉండటంతో మందులు దానికి సరిగా అంటేవి కావు. ఈ పురుగు పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. అక్కడ దానికి శత్రువులున్నాయి, ఇక్కడ లేవు. 2010లో బెంగళూరులోని కేంద్ర సంస్థ ప్యూర్టోరికో నుంచి ఎసిరోఫేగస్ అనే, కంటికి సరిగా ఆనని కందిరీగ జాతిని తెప్పించి, పరీక్షించి, పెంచి వదిలింది. ఏడాదీ రెండేళ్లలో బొప్పాయి తోటలు మళ్లీ నిలబడ్డాయి. ఆ రెండేళ్లలో ఎన్ని కషాయాలు కాచి ఉంటారో, చివరికి పని చేసింది మాత్రం ఆ చిన్న రెక్కల పురుగు. ఇప్పుడు మీ బొప్పాయి మీద పిండినల్లి కనబడితే, మందు కలిపే ముందు అందులో కొన్ని ఉబ్బి, గట్టిపడి, చిన్న రంధ్రంతో ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ కందిరీగ వచ్చేసిందని అర్థం.

రైతుబజారులో నాకు ఎదురైన ప్రశ్న

ఇక అనుమానాల దగ్గరికి వస్తాను. రైతుబజారులో చేవెళ్ల వైపు నుంచి వచ్చి వంకాయలు అమ్మే ఆయన దగ్గర నేను ఈ ఉపన్యాసమే మొదలుపెట్టాను. ఆయన సాంతం విని, "మీకేందమ్మా, మీది మిద్దె. నా బుట్టల పుచ్చు వంకాయ ఉంటె నువ్వు తీస్కుంటవా?" అన్నాడు. అప్పటికి నేను కాయ కాయా తిప్పి చూసి, రంధ్రం ఉన్నవాటిని పక్కకి నెడుతున్నాను.

ఇది మాటకి మాట చెప్పి తప్పించుకునే ప్రశ్న కాదు. వంగలో కొమ్మ, కాయ తొలుచు పురుగు కాయలోకి దూరాక ఏ కషాయమూ దాన్ని అందుకోలేదు. వాడిన చిగురు కనబడ్డప్పుడల్లా తుంచి కాల్చెయ్యాలి, లింగాకర్షక బుట్టలు పెట్టాలి. మిద్దె మీద నాలుగు కుండీల్లో అది సరదా. ఎకరం వంగలో అది కూలీల ఖర్చు. 2021 చివర్లో మిర్చి మీద కొత్తరకం నల్ల తామరపురుగు పడ్డప్పుడు రెండు రాష్ట్రాల రైతులూ లక్షల పెట్టుబడి పెట్టిన చేలు కళ్లముందే పోగొట్టుకున్నారు. మందు మీద మందు కొట్టినా ఆగలేదన్నది నిజమే. అంతమాత్రాన "కాసేపు ఓపిక పట్టి చూడండి" అని వాళ్లకి చెప్పే మొహం నాకుందా? రెండు మిర్చి కుండీలు పోతే నేను పచ్చిమిర్చి కొనుక్కుంటాను.

మిద్దె మీద కూడా ఓపిక అన్నిటికీ పనికిరాదు. బెండలో ఆకు ఈనెలు పసుపెక్కితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. మిత్రపురుగులు వచ్చి దోమని తినేలోపు మొక్క పని అయిపోతుంది. ఆ మొక్క పీకెయ్యడం, వచ్చేసారి అర్క అనామిక లాంటి తట్టుకునే రకం విత్తడం తప్ప దారి లేదు. ఆ తట్టుకునే గుణం కూడా ఈమధ్య సడలుతోంది. బీర, కాకర మీద పండు ఈగ ఉంటే పిందె దశలోనే కాగితపు సంచి తొడగాలి, రాలిన కాయల్ని నీళ్లలో ముంచో మూటకట్టి ఎండబెట్టో పురుగుల్ని చంపాలి. కంపోస్టు కుండలో వేస్తే ఈగల్ని మనమే పెంచినట్టు.

కాబట్టి నా వాదన కొంచెం కుదించుకుంటాను. నష్టం భరించగల మనలాంటివాళ్లమైనా కొట్టే చెయ్యి ఆపాలి. చిక్కుడుకి పేనుబంక పట్టిన మబ్బు రోజుల్లో ముందు చీమల్ని చూడండి. పేనుబంక విసర్జించే తీపి కోసం అవి దానికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. చీమల దారి తెంపి, పైపు నీళ్లు గట్టిగా కొట్టి వదిలేస్తే సగం పోతుంది. మిగిలిన సగం కోసం అక్షింతల పురుగులు వస్తాయి. రావడానికి రెండు వారాలు పట్టవచ్చు, ఈలోపు కొన్ని పూతగుత్తులు పోతాయి. ఆ రెండు వారాలు చేతులు కట్టుకుని ఉండటమే కష్టం. ఇంకో సంగతి, వారం వారం వేరుశనగచెక్క ద్రావణం పోసి లేతాకు గుబురుగా పెంచుకున్న కుండీల్లోనే పేనుబంక ముందు చేరడం చూస్తుంటాను. నత్రజని ఎక్కువైన మెత్తటి చిగురంటే దానికి ప్రాణం. పోషణ తగ్గించడం కూడా పురుగుల నివారణే.

కలుపు: లాన్‌లో ఒకటి, మడిలో ఒకటి

కలుపు విషయంలో మన తికమక ఇంకా సరదాగా ఉంటుంది. కాలనీల్లో చదరపు అడుగు లెక్కన డబ్బు పోసి పరిచే బెర్ముడా గడ్డి మన గరికే. వినాయకుడికి ఇష్టమని వెతికి తెచ్చే దూర్వాలూ అదే. అదే గరిక పక్కనున్న బంతి మడిలోకి పాకితే మాలీని పిలిచి పీకిస్తాం. ఆ లాన్‌లో తుంగ మొలిస్తే మళ్లీ గగ్గోలు.

తుంగకి యూట్యూబులో వెనిగర్, ఉప్పు కలిపి కొట్టమంటారు. వంటింటి వెనిగర్ పైఆకుని మాడుస్తుంది, అంతే. కింద గొలుసులా ఉన్న గడ్డలు క్షేమంగా ఉండి మళ్లీ మొలకెత్తుతాయి. ఉప్పేమో మట్టిలో ఉండిపోయి మనకి కావలసిన మొక్కని చంపుతుంది. సేంద్రియం పేరుతో నేలకి చేసే ద్రోహాల్లో ఇదొకటి. తుంగని తవ్వి గడ్డలతో తీయాలి, మళ్లీ మొలిచినప్పుడల్లా తీయాలి, లేదా ఎత్తుగా పెరిగే పంటతో నీడ పడేలా చేయాలి. నీడని అది ఓర్చుకోలేదు. వయ్యారిభామని పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, వేళ్లతో సహా పీకాలి. దాని ఆకు తినడానికి 1984లో బెంగళూరులో వదిలిన మెక్సికో పెంకుపురుగు వానాకాలంలో మన దగ్గరా కనిపిస్తుంది, చారల రెక్కలతో. దాన్ని చూసి కూడా "ఏం కొట్టాలి?" అనేవాళ్లున్నారు.

మిగతా కలుపులో చాలా భాగం తినేదే. గంగవాయిలి, గలిజేరు, పొనగంటి, తుమ్మి, చెంచలి. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఇలా విత్తకుండానే చేలో మొలిచే కూరల్ని ఎన్నింటినో పేరుపేరునా గుర్తుపట్టి చూపిస్తారు. కలుపుమందు కొట్టిన చేలో ఇవి ఉండవు. పప్పులో వేసిన గంగవాయిలి పుల్లదనం తెలిసినవాళ్లకి దాన్ని కలుపని పిలవబుద్ధి కాదు. రోడ్డు పక్కన ఎవరు ఏం కొట్టారో తెలియని చోట మాత్రం కోయకండి.

మా కాలనీలో ప్రస్తుతం నడుస్తున్న గొడవ దీని గురించే. వానలకి నడకదారి పక్కన గడ్డీ, పిచ్చిమొక్కలూ మోకాలెత్తు పెరిగాయి. పాములొస్తాయని పిల్లల తల్లులు భయపడుతున్నారు, ఆ భయం తీసిపారేసేది కాదు. గడ్డిమందు కొట్టిద్దామని కమిటీ ఆలోచన. గ్లైఫోసేట్ అనే గడ్డిమందుని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే కొట్టాలని 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. పొలంలో రైతుకి అడ్డం వేసిన ఆ నిబంధన గేటెడ్ కాలనీకి మాత్రం చక్కగా సరిపోయింది, ఎందుకంటే మాకు బొద్దింకల కోసం ఆ ఆపరేటరు ముందే ఉన్నాడు.

నేను దోకుడుపారతో మనిషిని పెట్టి చెక్కిద్దాం, నడకదారికి రెండు వైపులా మూడడుగులు శుభ్రం చేసి, గోడవారన పూసే మొక్కల్ని కొంత ఉంచుదాం అన్నాను. అక్షింతల పురుగులకీ చిన్న కందిరీగలకీ ఆ పూల తేనే, పుప్పొడే ఆధారం, మా మిద్దెలన్నిటికీ అవి అక్కడి నుంచే రావాలి. సెక్రటరీగారు మర్యాదగా విని, "బాగుందండీ, కానీ కూలి ఎంతవుతుందో రాసి ఇవ్వండి" అన్నారు. లెక్క వేశాను. వానాకాలం మొత్తానికి చెక్కించే కూలి, మందు కొటేషన్ కంటే ఎక్కువే తేలింది. మనిషి పని మందు కంటే చవకవదు మరి. ఆదివారం మీటింగులో ఆ కాగితమే పెట్టి, తేడా డబ్బు మిద్దెతోటలున్న ఇళ్లవాళ్లం వేసుకుంటామని చెప్పబోతున్నాను. భూతద్దం ఆంటీ సరేనన్నారు. మిగతావాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు.